మీరు, నువ్వు, జాకో

లేర్,
11 ఫిబ్రవరి 1974

చెల్లీ గేషే,

క్రిస్మస్‌కి నువ్వు రాసిన ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. తిట్టుకుంటే తిట్టుకో. ముందు కుర్చీలో కూర్చుని చదువు. నా పాట రేడియోలో వస్తోంది!

నిజంగానే. వాయిద్యాల కొట్లో గుమాస్తాగా చేరి, ఆ కొట్టు యజమానినే పెళ్లాడి, నాలుగేళ్ల కిందట ఆయన్ని పోగొట్టుకున్న మీ అక్క నలభై ఏడో ఏట పాటల రచయిత్రి అయింది. పాడింది డోర్లే అనే అమ్మాయి. కాస్త ముక్కుతో పాడుతుంది గానీ మాట స్పష్టంగా పలుకుతుంది. పొద్దున రొట్టెల కొట్టుకి వెళ్తే కొట్టావిడ నాకు డబ్బాలోంచి వెన్న బిస్కెట్టు తీసిచ్చింది. ఇన్నేళ్లలో ఆవిడ ఎవరికైనా ఊరికే ఏదైనా ఇవ్వడం చూశావా?

పాట నీకు తెలిసిన కథే. నేనూ మీ బావా. కొట్టు వెనక గదిలో మధ్యాహ్నం టీ. రెండేళ్లపాటు నేను ఆయన్ని "మీరు" అనే అన్నాను కదా. మొదటి చరణం మొదటి కప్పు:

బయట వాన, కూర్చోండి, మీకు టీ పోస్తాను,
పటికబెల్లం చిటుక్కుమంది, విన్నారా మీరు?

రెండో చరణం రెండో కప్పు, అందులోనూ "మీరే". మూడో కప్పు దగ్గర మాత్రం:

చెంచా కప్పులో పెట్టకు, ఉండిపో నువ్వు.

అంతే పాట. "మీరు" పోయి "నువ్వు" వచ్చిన చోట డోర్లే గొంతు కొంచెం తగ్గిస్తుంది. మన ఆడవాళ్లందరూ అక్కడే కళ్లు తుడుచుకుంటున్నారట.

అసలు సంగతేమిటంటే, హాంబుర్గ్ రికార్డు కంపెనీవాళ్లు ఇంగ్లీషులో కూడా పాడిస్తామంటున్నారు. ఎవరో ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టేకన్నా నువ్వయితే నయమని నీ పేరు చెప్పాను. ఇంగ్లండులో ఇరవైమూడేళ్లుగా ఉన్నావు, పిల్లల్ని కూడా ఆ భాషలోనే తిట్టుంటావు. నాన్న అనేవాడు కదా, "గొంతు గేషేది, చేతిరాత వీబ్కేది" అని. చుట్టాలొస్తే నువ్వు పాడేదానివి, నేను కప్పులు కడిగేదాన్ని. ఈసారి పాట నాది. నువ్వు కడుగు!

ఏం మార్చినా మార్చు గానీ నా చెంచా జోలికి వెళ్లకు.

మీ అక్క
వీబ్కే

*

హల్,
24 ఫిబ్రవరి 1974

అక్కా,

కూర్చునే చదివాను. చదివి వంటింట్లో గెంతాను. సిరిల్ పేపరు దించి "ఎవరైనా పోయారా?" అన్నాడు. మా ఆయన తెలివితేటలు నీకు తెలిసినవే.

గెంతడం అయ్యాక పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. అక్కడ మొదలైంది తలనొప్పి. అక్కా, వీళ్లకి "మీరు" లేదు. "నువ్వూ" లేదు. ఒక్కటే మాట. పాలవాణ్ణీ, బ్యాంకు మేనేజర్నీ, కట్టుకున్నవాణ్ణీ, కిటికీలో పిల్లినీ అందర్నీ ఆ ఒక్క మాటతోనే పిలుస్తారు. నీ పాట మొత్తం నిలబడ్డది ఒక మెట్టు మీద. ఈ దేశంలో ఆ మెట్టే కట్టలేదు.

ఇక చెంచా. కప్పులో చెంచా పెడితే "చాలు, ఇక పోయొద్దు" అని మన ఊళ్లో పసిపిల్లకి కూడా తెలుసు. సిరిల్‌కి ఉన్నదున్నట్టు చదివి వినిపించాను. "ఆవిడకి గిన్నెలు తోముకోవాలని చిరాగ్గా ఉన్నట్టుంది" అన్నాడు. ఏం చెయ్యమంటావు?

పదిరోజులు కుస్తీ పట్టి ఇలా చేశాను. మొదటి రెండు చరణాల్లో ఆవిడ అతన్ని "అయ్యగారూ" అంటుంది. మూడోదాంట్లో పేరు పెట్టి పిలుస్తుంది. చెంచా బదులు తలుపు పెట్టాను. ఇంగ్లీషు కాగితం జతచేస్తున్నాను. చివరి రెండు పంక్తులు మన భాషలో చెప్పాలంటే ఇలా ఉంటాయి:

తలుపు దగ్గర రెండుసార్లు తిరిగి చూసే మనిషికి
బయట ఏం పని, జాకో?

కోప్పడకు. బాగుంటే బాగుందను, లేకపోతే చించెయ్యి.

ఇక్కడ చేపల రేవులో సమ్మె. ఊరంతా బంగాళాదుంపలే తింటోంది.

ప్రేమతో
గేషే

*

లేర్,
5 మార్చి 1974

గేషే,

కాగితం అందింది. బడిపంతులు గారిని పిలిచి ఇంగ్లీషంతా చదివించుకున్నాను. ఆయన చివరికొచ్చేసరికి కళ్లజోడు తీసి తుడుచుకుని, "మీ చెల్లెలు ఘటికురాలండీ" అన్నాడు. నా పాట విన్నప్పుడు "బాగుందండీ" అన్నాడంతే. ఊరికే చెబుతున్నాను.

నా చెంచా ఏమైంది? ఒక్కటే అడిగాను. ఇల్లు చూసుకోమని తాళం ఇస్తే గోడలు మార్చేసినట్టుంది నీ పని.

కంపెనీ ఆయన ఫోను చేశాడు. ఇంగ్లీషుది "తేలిగ్గా ఉంది" అని మురిసిపోయాడు. అంటే నాది బరువుగా ఉందనా? సంతకం ముందే పెట్టేశాను కాబట్టి నోరు మూసుకున్నాను.

ఒక్కటి చెప్పు. జాకో ఎవరు? లోకంలో ఇన్ని పేర్లుండగా అదే ఎందుకు పెట్టావు?

వీబ్కే

*

హల్,
20 మార్చి 1974

అక్కా,

నీ ఉత్తరం చలిగా ఉంది. బయట కూడా చలే, రెండూ కలిసి తట్టుకోలేకపోయాను.

జాకో ఎవరూ కాదు. "నువ్వు" అన్నచోట డోర్లే రెండు స్వరాలు పాడుతుంది. రెండు అక్షరాల పేరు కావాలి, రెండోది దీర్ఘంగా సాగాలి. ఇక్కడ జాకోలు వీధికి నలుగురు. మా మాంసం కొట్టువాడు జాకో, వాడి గుర్రం కూడా జాకోయే. అంతకంటే ఏమీ లేదు.

చెంచా పోయినందుకు నాకూ బాధగానే ఉంది. కానీ పాటలో విన్నవాడికి అర్థం కానిది ఉంచితే అది చెంచా కాదు, గొంతులో ముల్లు.

బడిపంతులు గారి మాట నాకెందుకు రాశావో తెలుసు. నన్ను మెచ్చుకోవడానికి మాత్రం కాదు.

గేషే

*

లేర్,
9 జూన్ 1974

గేషే,

మూడునెలలు రాయలేదు. రాయాలనిపించలేదు.

నీ ఇంగ్లీషు పాట ఇక్కడి రేడియోలో రోజుకి నాలుగుసార్లు వస్తోంది. ఇక్కడ, మన దగ్గర! నాది తగ్గించేశారు. రొట్టెల కొట్లో అమ్మాయిలు పిండి జల్లుతూ "జాకో, జాకో" అని పాడుకుంటున్నారు. ఒక్కదానికీ ఇంగ్లీషు రాదు. మొన్న టీపొడి కొనడానికి వెళ్తే కొత్తగా చేరిన కుర్రగుమాస్తా, "ఆ పాట రాసినావిడ అక్కగారు మీరేనటగా!" అన్నాడు. నేను అక్కగారినయ్యాను. రికార్డు అట్ట తిప్పి చూశాను. పదాలు: గేషే ఆక్రాయిడ్. అంతే ఉంది. నా పేరు లేదు. పాటలో ఉన్న మొగుడు నావాడు, గది నాది, వాన కూడా నాదే. పేరు నీది.

అదయినా మింగేదాన్నే.

పోయిన ఆదివారం ఆల్ముట్ టీకి వచ్చింది. మా ఆడపడుచు సంగతి నీకు తెలుసుగా, నోరు మూసుకుంటే ఆయాసం వస్తుంది. రేడియో పెట్టాను. పాట అయ్యేసరికి పకపకా నవ్వింది.

"ఇది మా ట్యాకో కదూ!" అంది.

"ఎవరు?"

"మా ట్యార్కే వదినా, మీ ఆయన! మా అమ్మ ముద్దుగా ట్యాకో అనేది. అమ్మా, మీ గేషే, వాళ్లిద్దరే అలా పిలిచేవాళ్లు."

"మా గేషే ఎక్కడ పిలిచింది?"

"గురువారాలు వచ్చేది కదా, అకార్డియన్ నేర్చుకోడానికి! నీకు తెలీదా?" అని, నా మొహం చూసి, జన్మలో మొదటిసారి నోరు మూసుకుంది.

గేషే, నేను పంతొమ్మిదేళ్లు కాపురం చేశాను. నేను ఆయన్ని ట్యార్క్ అన్నాను. ఆస్పత్రిలో చివరి రోజు కూడా ట్యార్క్ అన్నాను. ఆ ముద్దుపేరు ఒకటుందని నాకు తెలియదు. నేను "మీరు" నుంచి "నువ్వు"కి రావడానికి రెండేళ్లు పట్టింది. నువ్వు మొదటి వారంలోనే ముద్దుపేరు దాకా వెళ్లావన్నమాట.

రెండుసార్లు తిరిగి చూసింది కూడా ఆయనేనా? ఎవర్ని చూశాడు? మాంసం కొట్టువాడి గుర్రాన్నా?

నిజం రాయి. లేకపోతే రాయకు.

వీబ్కే

*

హల్,
17 జూన్ 1974

అక్కా,

ముందు చిన్న సంగతి. అట్ట మీద నీ పేరు వదిలేసింది నేను కాదు. నాకొచ్చిన రికార్డు చూసి ఆ రోజే కంపెనీకి రాశాను, మళ్లీ అచ్చువేసేటప్పుడు నీ పేరు ముందు, నాది కింద వెయ్యమని. వేస్తామన్నారు. నువ్వు అడిగుంటే చెప్పేదాన్ని. అడక్కుండానే నన్ను దొంగని చేశావు.

ఇక పెద్ద సంగతి. అబద్ధమాడాను. మా మాంసం కొట్టువాడి పేరు విల్ఫ్రెడ్.

1951 జనవరిలో, ఫిబ్రవరిలో ఆరు గురువారాలు వాళ్లింటికి వెళ్లాను. నాన్నకి తెలిస్తే తంతాడని చర్చిలో పాట సాధన ఉందని చెప్పేదాన్ని. నీకు కూడా అదే చెప్పాను. వాళ్లమ్మ ట్యాకో అంటే నేనూ ట్యాకో అన్నాను. ఆవిడ నవ్వింది, అతనూ నవ్వాడు. ఇంటావిడ ముందు ఇంట్లో పిల్లలా మెలిగాను, అంతే.

అంతే అని రాశాను. అంతే కాదు. నాకు అతనంటే ప్రాణం. ఇరవై ఏళ్లదాన్ని, నాలో ఏదీ నిలిచేది కాదు, ఆరో గురువారం నోరు తెరిచి చెప్పేశాను.

అతను నీ కోసం కాచుకుని ఉన్నానన్నాడు. వీబ్కే ఎప్పుడు "మీరు" అనడం మానేస్తుందా అని కాచుకుని ఉన్నానన్నాడు.

తలుపు దగ్గర రెండుసార్లు తిరిగి చూసింది అతను కాదక్కా. నేను.

ఆ శనివారం పెరట్లో బట్టలు ఆరేస్తున్నాం. నీకు గుర్తుందో లేదో. "కొట్లో ఆ మనిషితో జడ్జీతో మాట్లాడినట్టు మాట్లాడతావేంటే? ఒక్కసారి నువ్వు అని చూడు, కొరుకుతాడా?" అన్నాను. నువ్వు తడి దుప్పటి నా మొహాన విసిరావు. నాలుగు రోజులకి పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి, "అనేశానే! మూడో కప్పు దగ్గర అనేశాను!" అని నన్ను పట్టుకుని గిరగిరా తిప్పావు. మర్నాడే నేను ఇంగ్లండులో ఇంటిపనికి దరఖాస్తు పెట్టాను. నాన్న కఠినంగా ఉంటున్నాడని కాదు. మీ పెళ్లికి రానిది సెలవు దొరక్క కూడా కాదు.

నీకు అసూయగా ఉందా? మంచిదే. కొన్నాళ్లు నువ్వూ మొయ్యి. నేను ఇరవైమూడేళ్లు మోశాను. ప్రతి క్రిస్మస్‌కీ మీ ఇద్దరి ఫోటో పంపేదానివి. ఈ ఏడు ఆయన స్వెట్టరు నేను అల్లాను చూడు, ఈ ఏడు పడవ కొన్నాం చూడు. చూశాను. అన్నీ చూశాను. సిరిల్ మంచివాడు. ఆ ఫోటోలు వచ్చిన రోజున మాత్రం అతనికి వేడి కూర పెట్టిన గుర్తు లేదు.

నీ పాట నా చేతికొచ్చినప్పుడు ఒక్క మాట నాది పెట్టుకోవాలనిపించింది. రెండు అక్షరాలు, ఇంగ్లీషు నోటికి తిరిగేలా ట్యాకోని జాకో చేశాను. ఎవరికీ తెలియదనుకున్నాను.

గేషే

*

లేర్,
14 జులై 1974

గేషే,

నీ ఉత్తరం అందిన రోజు అడుగున ఇనప బిళ్లలు వేసిన బూట్లతో గట్టు మీద నడవడం మొదలుపెట్టి, లేడా నది వంతెన దాటి, ఎటు వెళ్తున్నానో తెలియక పక్క ఊరి గడ్డిమేట్ల దగ్గర కూలబడ్డాను. ఒక రైతు ట్రాక్టరు మీద ఇంట్లో దింపాడు. వీబ్కే హార్మ్‌సెన్‌కి మతి చలించిందని ఊళ్లో అనుకుంటున్నారు. అనుకోనీ.

నీ మీద జాలిపడలేదు, ముందే చెబుతున్నాను. కోపమూ రాలేదు. వచ్చింది పచ్చి అసూయ. నువ్వు ఆయన్ని ప్రేమించావని కాదు. ఊళ్లో సగంమంది ఆడపిల్లలు ప్రేమించారు, కొట్లో తీగలు తెగకుండానే కొత్త తీగలు కొనేవాళ్లు. ఆయన కాచుకుని ఉన్నాడని నీకు తెలుసు, నాకు తెలియదు. అదీ నన్ను తినేస్తున్నది. పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట నాతో అనలేదు. ఆ రోజు నేను "నువ్వు" అంటే టీ పొర్లిపోయేలా పోసుకుని "సరే" అన్నాడు. అంతే. నేనే తెగించాననుకున్నాను. నా జన్మకి నేను చేసిన ఒకే ఒక్క సాహసం అదనుకుని పాట కూడా రాసుకున్నాను. ఇప్పుడు చూస్తే అది పెరట్లో నువ్వు నా నోట్లో పెట్టిన మాట.

ఇంకొకటి ఉంది. రాయాలా వద్దా అని నెల తన్నుకున్నాను. రాస్తాను. తలుపు దగ్గర రెండుసార్లు తిరిగి చూసే మనిషి... ఆ పంక్తి నా చెంచా కంటే బాగుంది. నాది మా ఊరివాళ్లకి అర్థమవుతుంది. నీది ఎక్కడైనా ఏడిపిస్తుంది. ఎందుకు బాగుందో కూడా ఇప్పుడు తెలిసింది. నేను దొరికినదాని గురించి రాశాను, నువ్వు దొరకనిదాని గురించి రాశావు. మొగుణ్ణి ప్రేమించావంటే క్షమించగలను. ఆ పంక్తి నాకు తట్టకుండా నీకు తట్టినందుకు క్షమించడానికి టైము పడుతుంది.

నిన్న ఎమ్డెన్‌లో డోర్లే కచేరీ. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. మొదలయ్యే ముందు వచ్చి, "ఆంటీ, ఏది పాడను? మీదా, ఇంగ్లీషుదా?" అని అడిగింది. నాదే పాడమందామని నోరు తెరిచాను.

"రెండూ పాడు. ముందు నాది," అన్నాను.

పాడింది. ఇంగ్లీషుదాంట్లో ఆ పేరు వచ్చినప్పుడు హాలంతా కలిసి పాడారు. ఎనిమిదివందల మంది మా ఆయన్ని ముద్దుపేరుతో పిలిచారు. నేను ఒక్కదాన్నే నోరు విప్పలేదు. అలవాటు లేని పేరు.

ఆ రోజు ఆయన నీతో ఏమన్నాడో ఉన్నదున్నట్టు నాకు కావాలి. సారాంశం వద్దు. నీ ఇంగ్లీషు నగిషీలు వద్దు. ఏ స్వెట్టరు వేసుకున్నాడు, చేతిలో ఏముంది, ఏ మాట తర్వాత ఏ మాట అన్నాడు, మన ఇంటి మాటలో రాయి. అది ఇరవైమూడేళ్లు నీ దగ్గరుంది. ఇక నాకివ్వు.

వీబ్కే

*

హల్,
25 జులై 1974

అక్కా,

అడిగావు, రాస్తున్నాను. ఒక్క ముక్క అలంకారం పెట్టలేదు.

ఫిబ్రవరి రెండో గురువారం. మధ్యాహ్నం మూడు దాటింది. వాళ్లమ్మ మీగడ తేవడానికి వెళ్లింది. అతను పొయ్యి పక్కన ఎత్తుపీట మీద కూర్చుని అకార్డియన్ తోలుపట్టీ బిగిస్తున్నాడు. గోధుమరంగు స్వెట్టరు, ఎడమ మోచేతి దగ్గర చిరుగు. దాన్ని తర్వాత కుట్టింది నువ్వే అయ్యుంటావు.

నేను చెప్పాల్సింది చెప్పాను. అతను పట్టీ వదల్లేదు, తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఇలా అన్నాడు. ప్రతి మాటా గుర్తుంది:

"మీ అక్క పొద్దున కొట్టు తలుపు తీసి 'మీకు నమస్కారం' అంటుంది చూడు, అప్పుడు నాకు ఏడుపొస్తుంది గేషే. పోనీ నేనే ముందు 'నువ్వు' అందామంటే, జీతమిచ్చేవాణ్ణి, తనకి ఇష్టం లేకపోయినా కాదనలేకపోతుంది. అందుకని ఆమె నోటితోనే రావాలి. ఇంకో పదేళ్లు పట్టినా సరే. మూడో కప్పు పోసుకున్నప్పుడల్లా ఇవాళ అంటుందేమోనని చూస్తాను. ఆ ధ్యాసలో చిందిస్తాను. నన్ను టీ పోసుకోవడం కూడా రానివాడినని అనుకుంటోంది."

అక్కడ నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏం చెయ్యాలో తెలియలేదు.

ఇక ఇది నీది. ఇన్నాళ్లూ నీకివ్వనిది, నీకు తెలిస్తే ఇంకా సంతోషపడతావని. అది కూడా రాస్తున్నాను చూడు, దాచుకోకుండా.

నేను కోటు తొడుక్కుంటుంటే అతను లేచి వచ్చి తలుపు తీసి పట్టుకున్నాడు. అప్పుడు నాతో ఇంకో మాట అన్నాడు. నీ గురించి కాదు, నా గురించి. చిన్న మాటే.

అది మాత్రం రాయను. సిరిల్‌కి చెప్పలేదు, పాటలో పెట్టలేదు. నువ్వు మళ్లీ ఉత్తరాలు మానేసినా సరే, ఇక్కడికొచ్చి నా వంటింట్లో కూర్చుని అడిగినా సరే, చెప్పను. నీకు పంతొమ్మిదేళ్ల కాపురం ఉంది.

వస్తే మాత్రం ఆగస్టులో రా. పడవ పొద్దున్నే రేవుకొస్తుంది, నేను వస్తాను.

గేషే